కొట్టాడా అని మాత్రమే అడిగాను

రెండేళ్ళ కిందట ఒక శ్రావణ శుక్రవారం. పేరంటానికి వచ్చినవాళ్ళంతా తాంబూలాలు తీసుకుని వెళ్ళిపోయారు. పిల్లలు మేడ మీద ఆడుకుంటున్నారు. ఒక్క అమ్మాయి మాత్రం "గిన్నెలు కడిగి పెడతానక్కా" అంటూ వంటింట్లోనే ఉండిపోయింది. కడిగిన గిన్నెనే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది. తుడుస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"అక్కా, మీ ఇంట్లో గన్ ఉందా?"

మేముండేది డల్లాస్‌కి ఉత్తరాన, మనవాళ్ళు వీధికి పది ఇళ్ళు కొనుక్కున్న ఊళ్ళలో ఒకటి. ఆ నెలలోనే పక్క వీధిలో ఒకరింట్లో దొంగలు పడి బంగారం పట్టుకుపోయారు. ఇండియన్ల ఇళ్ళల్లో నగలుంటాయని దొంగలకీ తెలుసు కదా. ఈ పిల్ల దాని గురించే అడుగుతోందనుకున్నాను.

"ఇంకా లేదమ్మా. మీ అన్నయ్యగారు కొంటానంటున్నారు. వాట్సాప్ గ్రూపులో రోజూ అదే చర్చ" అన్నాను.

"కొననివ్వకండక్కా."

"ఏం? మీ ఆయన కొన్నాడా?"

"ఊఁ. పోయినేడు."

ఆ "ఊఁ" అన్న తీరులో ఏదో ఉందనిపించింది. దగ్గరికెళ్ళి, గొంతు తగ్గించి, "గొడవ పడుతున్నాడా? కొట్టాడా?" అని అడిగాను.

"లేదక్కా. ఇంతవరకూ నా మీద చెయ్యి ఎత్తలేదు. దేవుడి మీద ఒట్టు."

హమ్మయ్య అనుకున్నాను. నిజంగానే నా గుండె కుదుటపడింది. మిగిలిన పులిహోర ఒక డబ్బాలో, పూర్ణాలు ఇంకో డబ్బాలో పెట్టి ఇచ్చి, "పిచ్చిగా ఆలోచించకు" అని కారు దాకా వెళ్ళి పంపించాను. ఆ పిల్ల నా దగ్గరికి ఎందుకొచ్చిందో నాకు అర్థం కావడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

(ఈ అమ్మాయిని గుర్తుపట్టగలిగే వివరాలన్నీ మార్చాను. తను చదివి, సరే అన్నాకే ఇది రాస్తున్నాను.)

*

మన ఇళ్ళల్లోకి తుపాకులు ఎలా వచ్చాయో ముందు చెప్పాలి. ఇండియాలో ఉన్న మా అమ్మావాళ్ళకి ఇది ఎన్నిసార్లు చెప్పినా నమ్మకం కుదరదు.

మేము హెచ్1 మీద వచ్చిన కొత్తలో మాకు తెలిసిన వాళ్ళెవరి దగ్గరా గన్ లేదు. వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి ఉంచుకోకూడదని ఇక్కడి చట్టం. వేట లైసెన్సు ఉంటే కొనుక్కోవచ్చని ఒక మినహాయింపు ఉంది గానీ, అప్పట్లో మనవాళ్ళకి ఆ సంగతీ తెలియదు. గ్రీన్‌కార్డు వచ్చాక ఆ అడ్డు తొలగిపోతుంది. దుకాణానికి వెళ్ళి ఒక ఫారం నింపితే, వాళ్ళు కంప్యూటర్లో వివరాలు పంపి చూస్తారు. చాలామందికి నిమిషాల్లోనే పని అయిపోతుంది. నేను డ్రైవింగ్ టెస్టు రెండుసార్లు ఫెయిలయ్యాను. గన్ కొనడానికైతే ఒక్కసారికే పాసయ్యేదాన్ని. 2021 సెప్టెంబరు నుంచి మా టెక్సాస్‌లో 21 ఏళ్ళు నిండిన వాళ్ళు, చట్టం అడ్డులేని వాళ్ళయితే, లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట పెట్టుకుని తిరగొచ్చు.

మగవాళ్ళలో ఒకరు కొంటే రెండోవాళ్ళు కొంటారు. శనివారాలు క్రికెట్ ఆడినట్టే షూటింగ్ రేంజికి వెళ్తారు. ఎందుకండీ అంటే "ఇంటి రక్షణకి" అంటారు. అందులో అబద్ధం లేదు, వాళ్ళు అలాగే అనుకుంటారు. ఇంట్లో ఆడవాళ్ళని అడిగి కొన్నవాళ్ళని మాత్రం నేను పెద్దగా చూడలేదు.

*

దీపావళి వెళ్ళిన వారానికి ఆ అమ్మాయి ఫోను చేసింది. ఒక దుకాణం పార్కింగ్‌లో, కారులో కూర్చుని మాట్లాడింది. ఇంట్లోంచి మాట్లాడలేనంది.

మొదటిసారి జరిగింది వాళ్ళమ్మకి డబ్బు పంపే విషయంలోనట. తల్లికి కంటి ఆపరేషన్. ఈ పిల్ల కాస్త గట్టిగానే మాట్లాడింది. అతను ఏమీ అనలేదు. లేచి, బెడ్రూమ్ క్లాజెట్‌లోంచి గన్ తెచ్చి, డైనింగ్ టేబుల్ మీద ఒక పాత తువ్వాలు పరిచి, దాన్ని విప్పి తుడవడం మొదలుపెట్టాడు. అదే టేబుల్ మీద రెండో తరగతి పిల్లాడు హోంవర్క్ చేసుకుంటున్నాడు. అరగంట సేపు తుడిచి, మళ్ళీ బిగించి, లోపల పెట్టేశాడు. ఆపరేషన్‌కి డబ్బు వెళ్ళలేదు.

తర్వాత అదే అలవాటైంది. కూరలో ఉప్పు గురించి కాదు, అలాంటి చిన్నవాటికి కాదు. ఈ పిల్ల దేనికైనా "కాదు" అన్నప్పుడే. ఉద్యోగంలో చేరతానన్నప్పుడు ఒకసారి. అన్నయ్య పెళ్ళికి ఇండియా వెళ్తానన్నప్పుడు ఒకసారి. ఎప్పుడూ గురిపెట్టలేదు, చంపుతానని అనలేదు. ఒక్కసారి మాత్రం, తుడుస్తూనే, "మనిషికి ఎప్పుడేమవుతుందో ఎవరికి తెలుసు" అన్నాడట.

"ఇప్పుడు తుడవక్కర్లేదక్కా. క్లాజెట్ తలుపు చప్పుడైతే చాలు, నేను సారీ చెప్పేస్తాను."

నేను ఫోను పట్టుకుని అలా నిలబడిపోయాను. శ్రావణమాసంలో ఈ పిల్ల నాకు చెప్పింది ఇదే. నేనడిగింది కొట్టాడా అని. కొట్టలేదంది. నిజమే చెప్పింది. కొట్టాల్సిన అవసరమే అతనికి లేదని నాకు తట్టలేదు.

*

ఆ రాత్రి నుంచీ దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను.

జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో నర్సింగ్ ప్రొఫెసర్ జాక్విలిన్ క్యాంప్‌బెల్ అని ఒకావిడ ఉన్నారు. భర్తల చేతుల్లో, ప్రియుల చేతుల్లో హతమైన ఆడవాళ్ళ గురించి ఆవిడ, ఇంకొందరు పరిశోధకులు కలిసి 11 నగరాల్లో కేసులు పరిశీలించారు. అది 2003లో అచ్చయింది. అప్పటికే హింస ఉన్న ఇంట్లో ఆ మగవాడికి తుపాకి అందుబాటులో ఉంటే, ఆ స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం ఐదు రెట్లు పెరుగుతుందని తేలింది. ఉద్యోగం లేకపోవడం కూడా ఆ ప్రమాదాన్ని బాగా పెంచుతుందని చూశారు. లేఆఫ్‌ల కాలంలో అది చదివితే ఒళ్ళు జలదరించింది.

ఆవిడే 1980లలో ఒక ప్రశ్నల పట్టిక తయారుచేశారు. నర్సులు, షెల్టర్లలో పనిచేసేవాళ్ళు ఇప్పటికీ వాడతారు. అందులో కొట్టడం గురించి ఒక్కటే కాదు. అతని దగ్గర తుపాకి ఉందా? ఎప్పుడైనా గొంతు నొక్కాడా? ఆయుధంతో బెదిరించాడా? నువ్వు రోజూ చేసే పనులన్నీ తన అదుపులోనే పెట్టుకుంటాడా? గత ఏడాదిలో నువ్వు అతన్ని విడిచి వెళ్ళావా? మనం వంటింట్లో అడగాల్సిన ప్రశ్నలు ఇవే కదా అనిపించింది.

పెన్సిల్వేనియా యూనివర్సిటీకి చెందిన సుసాన్ సోరెన్సన్ 2016లో ఇంకో లెక్క చెప్పారు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు భర్తో ప్రియుడో తుపాకి చూపించి బెదిరించిన ఆడవాళ్ళు అమెరికాలో దాదాపు 45 లక్షల మంది. వాళ్ళ చేతుల్లో తూటా తగిలినవాళ్ళు, తమ మీద కాల్పులు జరిగినవాళ్ళు సుమారు 10 లక్షలు. ఆ రెండు అంకెల మధ్య తేడా చూడండి. చాలా ఇళ్ళల్లో తుపాకి పేలదు. టేబుల్ మీద ఉంటుంది, దిండు కింద ఉంటుంది, కారు సీటు కింద ఉంటుంది. పేలకుండానే దాని పని అది చేసుకుపోతుంది. హత్యల లెక్కల్లోకి ఆ ఆడవాళ్ళు రారు.

మన చిన్నప్పుడు పేపర్లో "స్టవ్ పేలి గృహిణి మృతి" అని వచ్చేది గుర్తుందా? అన్ని స్టవ్వులూ కోడళ్ళ చేతుల్లోనే ఎందుకు పేలేవో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. 1983లో 498ఎ, 1986లో వరకట్న హత్యల సెక్షను వచ్చింది ఆ చావుల వల్లే. అక్కడ ఇంట్లో ఉన్నది కిరసనాయిలు. ఇక్కడ ఇంట్లో ఉన్నది ఇది. కిరసనాయిలు పొయ్యాలన్నా, కర్ర తియ్యాలన్నా కాస్త సమయం పడుతుంది. ఆ సమయంలో పక్కింటావిడ రావచ్చు, అత్తగారు అడ్డం పడొచ్చు, వీధిలోకి పరుగెత్తొచ్చు. తుపాకికి ఒక్క క్షణం కోపం చాలు. పైగా ఇక్కడ మన ఇళ్ళల్లో అత్తగారూ ఉండరు, పక్కింటి వాళ్ళకి తలుపు వేసి ఉంటే ఏమీ వినపడదు.

*

చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. కోర్టు రక్షణ ఉత్తర్వు ఎవరి మీద ఉందో వాళ్ళు తుపాకి ఉంచుకోకూడదని 1994లో దేశమంతటికీ చట్టం వచ్చింది. గృహహింసలో చిన్న నేరానికి శిక్ష పడ్డవాళ్ళకీ అదే నిషేధాన్ని 1996లో పెట్టారు. పెళ్ళి కాకుండా కలిసి తిరిగినవాళ్ళని చాలావరకు వదిలేసిన ఆ లోపాన్ని 2022లో కొంత పూడ్చారు.

1994 చట్టం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసు మా పక్క ఊరు ఆర్లింగ్టన్‌దే. 2019 డిసెంబరులో ఒక పార్కింగ్ లాట్‌లో రహీమీ అనే అతను తన బిడ్డ తల్లిని చెయ్యి పట్టి కారులోకి ఈడ్చాడు. ఎవరో చూస్తున్నారని గమనించి గన్ తీశాడు. ఆమె తప్పించుకుని పరుగెడుతుంటే కాల్చాడు. ఎవరికైనా చెప్తే నిన్నే కాలుస్తానని తర్వాత ఫోను చేశాడు. అతని మీద రక్షణ ఉత్తర్వు వచ్చింది, అయినా అతని దగ్గర తుపాకులు దొరికాయి. అలాంటి వాడికి తుపాకి నిషేధించడం రాజ్యాంగానికి విరుద్ధమని 2023లో కింది కోర్టు కొట్టేసింది! 2024 జూన్‌లో సుప్రీంకోర్టు 8-1 తీర్పుతో ఆ చట్టాన్ని నిలబెట్టింది.

అయితే ఉత్తర్వు కాగితం వచ్చినంత మాత్రాన ఎవరో వచ్చి ఇంట్లో తుపాకి పట్టుకెళ్ళరు. దాన్ని ఎలా స్వాధీనం చేసుకోవాలో ఆ దేశవ్యాప్త చట్టంలో లేదు. అది రాష్ట్రాన్ని బట్టి, ఊరిని బట్టి ఉంటుంది. అందుకే ఉత్తర్వు అడిగేటప్పుడే గన్ సంగతి చెప్పి, దాన్నెవరు తీసుకుంటారని అడగాలి.

ఇంకొకటి నాకు అప్పటిదాకా తెలియలేదు. టెక్సాస్ చట్టంలో కుటుంబ హింస అంటే కొట్టడమే కాదు. ఇప్పుడే హాని జరుగుతుందని భయపడేలా బెదిరించినా హింసే. అంటే నేనడిగిన "కొట్టాడా" అన్న ప్రశ్న చట్టం కన్నా వెనకబడి ఉంది.

*

మా పిల్ల సంగతికొస్తాను. దాని భయమంతా గ్రీన్‌కార్డు గురించే. "ఇల్లు దాటితే నీ కార్డు కేన్సిల్ చేయిస్తా" అన్నాడట. అతని ఉద్యోగం మీద ఇద్దరికీ కలిపి వచ్చిన కార్డులవి. లాయరుని అడిగితే, ఆమె కార్డు ఆమెదే, అతను తీసేయగలిగేది కాదని చెప్పారు. ఆ ఒక్క అబద్ధంతో రెండేళ్ళు కూర్చోబెట్టాడు. గ్రీన్‌కార్డు రానివాళ్ళకీ కొన్ని దారులున్నాయి. హింసకు గురైన భార్యలకీ, పోలీసులకు సహకరించిన బాధితులకీ విడిగా ఏర్పాట్లు ఉన్నాయి. మన పరిస్థితికి ఏది వర్తిస్తుందో లాయరునే అడగాలి, భర్తని కాదు.

మా ఇంట్లోంచే, నా ఫోనుతో హెల్ప్‌లైన్‌కి చేసింది. స్పీకర్ పెట్టుకుంది. అటువైపు ఆవిడ, నువ్వు ఇప్పుడు క్షేమమైన చోటే ఉన్నావా అని అడిగి, ఆ వెంటనే అడిగింది ఇంట్లో తుపాకి ఉందా అని. ఎక్కడ పెడతాడు, తాళం ఉందా, ఎప్పుడెప్పుడు బయటికి తీస్తాడు. ఈ పిల్ల మొట్టమొదటిసారి అప్పుడు ఏడ్చింది.

ఆవిడ కొన్ని మాటలు చెప్పింది. వెళ్ళిపోతున్నానని అతనితో చెప్పొద్దంది. విడిచి వెళ్ళే సమయమే అన్నిటికన్నా ప్రమాదమట. తుపాకిని నువ్వు ముట్టుకోవద్దు, దాచొద్దు అంది. గొడవ మొదలైతే వంటింట్లోకీ, గన్ ఉన్న గది వైపుకీ వెళ్ళకుండా, బయటి తలుపున్న వైపు ఉండమంది. కాగితాలు ఒకటొకటిగా బయటికి చేర్చమంది.

పాస్‌పోర్టులు, కార్డులు, పిల్లాడి బర్త్ సర్టిఫికెట్టు మూడు వారాల పాటు మా ఇంట్లో సోనామసూరి బియ్యం డ్రమ్ములో ఉన్నాయి. నేను రోజూ వాటి పక్కనుంచే బియ్యం కొలిచాను. ఒక మంగళవారం, అతను ఆఫీసుకి వెళ్ళాక, ఈ పిల్ల స్కూలు నుంచి పిల్లాణ్ణి తీసుకుని నా కారెక్కింది. ముందే మాట్లాడి ఉంచిన షెల్టర్‌కి తీసుకెళ్ళాను. తర్వాత కోర్టు ఉత్తర్వు వచ్చింది. ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉద్యోగం చేసుకుంటోంది. ఇప్పటికీ తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతుందట.

*

ఇక మా ఇంటి గొడవ.

"వాడెవడో వెధవ అయితే, నన్నూ అలా చూస్తావా? ఇన్నేళ్ళ తర్వాత నా మీద నమ్మకం లేదా?" అన్నారు మా ఆయన. ఆయనకి నిజంగానే బాధ కలిగింది. నా దగ్గర తడుముకోకుండా చెప్పేంత జవాబు లేదు. మా ఆయన మంచివారే. కోపం వస్తే అరుస్తారు, పది నిమిషాల్లో చల్లబడతారు. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు.

ఆదివారం మా అత్తయ్య వీడియో కాల్‌లో ఉన్నప్పుడు ఈయనే విషయం తెచ్చారు, ఆవిడ తనవైపు మాట్లాడుతుందని. దొంగల సంగతి, బంగారం సంగతి అంతా చెప్పారు. ఆవిడ విని లేచి వెళ్ళి, వంటింట్లోంచి ఒక స్టీలు కంచం తెచ్చి కెమెరాకి చూపించారు. అంచు సొట్టపోయిన కంచం. మామగారు ఒకప్పుడు అన్నం కంచం విసిరేవారని మాకు తెలుసు. పెద్దయ్యాక నవ్వుకుంటూ చెప్పుకునే కథ అది.

"మీ నాన్న మంచోడు కాదని ఊళ్ళో ఒక్కరు అనలేదు రా. మర్నాడు తనే బాధపడేవాడు. చేతికి అందింది కంచం కాబట్టి సొట్టతో పోయింది. అప్పుడు ఇంకోటి అందుంటే, ఇవాళ నీతో నేను మాట్లాడేదాన్ని కాదేమో" అన్నారు.

మా ఆయన ఏమీ అనలేదు. కాసేపయ్యాక లేచి చెత్త బయట పెట్టి వచ్చారు. ఆ తర్వాత నేను ఆ మాట ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. రెండు వారాలకి ఇంటికి కెమెరాలు వచ్చాయి. నగలు బ్యాంకు లాకర్‌లోకి వెళ్ళాయి. పండక్కి వన్ గ్రామ్ గోల్డ్ హారం వేసుకుంటే ఎవరూ కనిపెట్టలేదు. ఇప్పటికీ ఎక్కడైనా దొంగతనం జరిగిందంటే నా వంక ఒకసారి చూస్తారు. చూడనీ.

*

మీ చుట్టుపక్కల ఎవరైనా వంటింట్లో వెనక ఉండిపోతే, కడిగిన గిన్నెనే మళ్ళీ తుడుస్తుంటే, కొట్టాడా అని ఒక్కటే అడిగి ఊరుకోకండి. ఇంట్లో గన్ ఉందా, ఎక్కడుంటుంది, ఎప్పుడు తీస్తాడు, నీకు భయమేస్తోందా అని కూడా అడగండి. ఇక్కడ జాతీయ గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233. తెలుగు దుబాసి కావాలని అడగొచ్చు. న్యూజెర్సీలో 1985 నుంచి మానవి, న్యూయార్క్‌లో 1989 నుంచి సఖి, హ్యూస్టన్‌లో 1996 నుంచి దయ అని మన దక్షిణాసియా ఆడవాళ్ళ కోసమే పనిచేసే సంస్థలున్నాయి. ఇండియాలో అయితే 181. ఫోను భర్త చూస్తాడనుకుంటే స్నేహితురాలి ఫోను వాడండి. ఆ స్నేహితురాలు మీరైతే, ఫోను ఇచ్చి పక్కన కూర్చోండి చాలు.

ఈ శ్రావణమాసంలో మళ్ళీ పేరంటం పెడుతున్నాను. అందరూ వెళ్ళాక ఎవరైనా ఉండిపోతే, ఈసారి డబ్బాలు సర్దేసి పంపించను. గిన్నెలు పక్కన పెట్టి, టీ పెట్టుకుని కూర్చుంటాను.